పేరు విడిచిన గోడవ్రాత

గడచిన వేసవిలో మా ప్రహరీగోడకు క్రొత్తగా వెల్ల వేయించితిని. వెల్ల యారిన మఱునాడే, మోకాలి యెత్తున, బొగ్గుతో పెద్ద యక్షరములు వెలసినవి. అవి మా వీధిలోని పదియేండ్ల బాలుని పేరు. వానిని పిలిపించి, "అంతగా చెయ్యి ఊరుకోకపోతే ఏ పువ్వో పిట్టో వెయ్యరాదుటరా, పేరే రాయాలా?" అని మందలించితిని. వాడు తల వంచుకొని, "పువ్వు వేస్తే అది నేను వేసిందని ఎవరికి తెలుస్తుంది, తాతగారూ?" అనెను. నాకు నవ్వు వచ్చినది, కోపము పోయినది, బదులు మాత్రము తోచలేదు.

గోడమీద పేరు వ్రాయుట లోకమున క్రొత్తవింత గాదు. గోలకొండ కోటలోను, పాడుపడిన దేవళములలోను మేకుతో చెక్కిన పేర్లను చూడనివారు మనలో లేరు. వ్రాసినవానికి గోడపై ప్రేమ లేదు, అక్షరముపై ప్రేమ లేదు. తానచటికి వచ్చి పోయితినని చాటుకొనుటయే వాని కోరిక. ఇట్టి పేరువ్రాతతో జీవితము నారంభించి, ఒకనాడు ఆ పేరునే విడిచి, రంగును రేఖను నమ్ముకొన్న యొక చిత్రకారుని గూర్చి ఇందు విచారింప దలచితిని. ఆయన న్యూయార్కు నగరవాసి. అసలు పేరు లెనర్డ్ మెగర్. లోకమెఱిగిన పేరు ఫ్యూచురా 2000.

ఈయనను గూర్చి వ్రాయువారు సామాన్యముగా నొక కథ చెప్పుదురు. చీకటిలో రైలుపెట్టెలను పాడుచేయుచుండిన కుఱ్ఱవాడు చిత్రశాలలలోనికి వచ్చి, పెద్దల సహవాసమున సంస్కారము నొంది, నైరూప్యచిత్రకారుడయ్యెనట. సంస్కరణమును కోరు మనబోంట్లకు ఈ కథ మిక్కిలి ప్రియమైనది. త్రాగుబోతు త్రాగుడు మానుటయు, జూదరి జూదము మానుటయు ఎన్ని కథలలో చదివి మనము సంతసింపలేదు! కాని ప్రియమైనంత మాత్రమున కథ నిజము కానేరదు. ఇచట సంవత్సరములే కథకు విరోధముగా నున్నవి. అది చూపుటకు ముందు ఆ వ్రాత యెట్టిదో కొంచెము చెప్పవలసియున్నది.

1971 జులై నెలలో న్యూయార్కు టైమ్సు పత్రిక, నగరమంతట 'టాకీ 183' అని వ్రాయుచున్న యొక యువకుని గూర్చి వార్త ప్రకటించెను. టాకీ యనునది ముద్దుపేరు. 183 యనునది ఆతడు కాపురమున్న వీధి సంఖ్య. ఆతని యుద్యోగము ఊరిలో కాగితములు, పొట్లములు చేరవేయుట. పోయినచోటనెల్ల పేరు వ్రాసి వచ్చెడివాడు. ఆ వార్త వెలువడిన పిమ్మట అట్టివారు వందలకొలది బయలుదేరిరి. భూగర్భమార్గమున నడుచు రైలుబండి వారికి మిక్కిలి యనుకూలమైనది. గోడ యున్నచోటనే యుండును. బండి యూరంతయు దిరుగును. బ్రాంక్సులో రాత్రి వ్రాసిన పేరు తెల్లవారునప్పటికి బ్రూక్లినులో నిలుచున్నవానికి కనబడును.

కొన్ని యేండ్లలోనే ఆ యక్షరములు లావెక్కినవి, ఉబ్బినవి, ఒకదానిలో నొకటి అల్లుకొనినవి, కొనలందు బాణములు మొలచినవి. ఫేజ్ 2 అను పేరుతో ప్రసిద్ధుడైన మైకేల్ లారెన్స్ మారో మున్నగువారు అక్షరము నెంతగా వంచి మలచిరనగా, తోడి వ్రాతగాండ్రు తప్ప ఇతరు లది చదువలేకపోయిరి. (ఈయన 'గ్రాఫిటీ' యను మాటనే యొల్లక, తమ పనిని 'వ్రాత' యనియే పిలువవలెనని కడవఱకు వాదించెను.) చదువ శక్యముగాని యక్షరము అప్పటికే సగము నైరూప్యచిత్రము. అయినను ఆ వంపుల క్రింద పేరు బ్రతికియే యుండెను. ఎంత చిక్కువడినను అది ఫలానివాని చిక్కు.

మెగర్ 1955లో జన్మించెను. తాను పెంపుడుబిడ్డ నను సంగతి పదునైదేండ్ల ప్రాయమున ఆయనకు తెలిసినది. ఇంతకాలము తనదనుకొన్న పేరు తనకెట్లు వచ్చినదని తలపోయు బాలుడు, తానే యొక పేరు కల్పించుకొనుట వింత గాదు. ఫ్యూచురా యనునది అచ్చక్షరముల తీరులలో నొకదానికి పేరు. భవిష్యత్తను అర్థమును అందు ధ్వనించును. 2000 యను సంఖ్య ఆనాటి బాలురకు ఎంతో దూరపు కాలముగా తోచెడిది. 1973లో ఒక సొరంగమున రంగుడబ్బాలు అంటుకొని ఆయన మిత్రుడొకడు తీవ్రముగా కాలెను. మరుసటి యేడు మెగర్ నౌకాదళమున చేరి నాలుగేండ్లు కొలువు చేసెను. ఆటగా మొదలిడినది ఆట కాదని తెలిసికొనుటకు ఆ సొరంగమే చాలును. తిరిగివచ్చునప్పటికి వయసు ఇరువది దాటినది.

1980లో ఆయన యొక రైలుపెట్టె ప్రక్కభాగము నంతయు, కిటికీలను సైతము విడువక, ఈ కొననుండి ఆ కొనవఱకు చిత్రించెను. దానికి 'బ్రేక్' అని పేరు. విఱుగుట, తెగుట, విరామము: ఇన్ని యర్థము లామాటకు గలవు. ఆ చిత్రము నేడు లేదు. అట్టివి కొంతకాలమునకే కడిగివేయబడుటయో, వేఱొకరి వ్రాతక్రింద అణగిపోవుటయో జరిగెడిది. మార్తా కూపరను ఛాయాగ్రాహకురాలు తీసిన పటము మాత్రము మిగిలినది. కావున నేను విమర్శించుచున్నది చిత్రమును గాదు, చిత్రముయొక్క ఛాయను. ఉరుముచు వచ్చి, క్షణకాలము నిలిచి, మరల ఉరుముచు పోవుదానిని పటము కదలక నిలిపినది. ఈ లోపమును చదువరులు మనసున నుంచుకొనవలెను.

అయినను కనబడునంతవఱకు చెప్పుదును. తోటివారి పెట్టెలన్నియు అక్షరములతో క్రిక్కిఱిసియుండగా, ఈ పెట్టెమీద రంగులు మబ్బులవలె ఒకదానిలో నొకటి కరగి, తలుపులను కిటికీలను లెక్కచేయక ప్రాకుచున్నవి. అక్కడక్కడ తెగిన రేఖలు, కోణములు తేలియాడును. 'బ్రేక్' అను మాట దానిమీద లేకపోలేదు. కాని అక్షరమునకు రంగు పరిచర్య చేయుట పోయి, అక్షరమే రంగులో నొక తునకయై యున్నది. పెట్టెకు ఏలిక పేరు గాదు. ఇంతకు ముందు ఈ పని చేయుటకు ఎవరును తెగింపలేదని నేననను; ఇంత విశాలముగా, ఇంత నిస్సంకోచముగా చేసినవాడు ఈయనయే యని యందఱు నంగీకరింతురు.

ఇందలి కష్టము నూహింపుడు. ఆనాటి పెట్టెలలో చిన్నవి సైతము 50 అడుగులకు తక్కువ గావు. రాత్రివేళ బండ్లు నిలిపి యుంచు తావులలో రెండుబండ్ల నడుమ నుండు ఇఱుకుసందున నిలిచి ఈ వ్రాతగాండ్రు పనిచేసెడివారు. వెనుకకు రెండడుగులు వేసి చూచుకొనుటకు వీలులేదు, వెలుతురు చాలదు, కావలివాని యడుగుల చప్పుడునకు చెవి యొగ్గియుండవలెను. పేరు వ్రాయువానికి ఈ చిక్కు కొంత తక్కువ. మొదటి యక్షరము తరువాత రెండవ యక్షర మేదో వానికి తెలియును. మబ్బునకు రెండవ యక్షరము లేదు. మొత్తమునంతయు మనసున నిలుపుకొని, కంటితో మూరెడు మేర మాత్రము చూచుచు, ఆ రంగుల సాగుదలను నడపవలెను.

పనిముట్టునుగూర్చియు నొకమాట. 1949లో ఇల్లినాయి రాష్ట్రమున ఎడ్వర్డ్ సీమూర్ అను రంగుల వర్తకుడు, లోహపు రంగును జనులకు చూపుటకై డబ్బాలో కుదించి, మీట నొక్కిన తుంపరగా వెలువడునట్లు చేసెను. ఇనుపగొట్టములకు పూయుటకు పుట్టిన ఆ డబ్బాను ఈ బాలురు చేపట్టి, ఇతర గృహోపయోగపు డబ్బాల మూతులను దానికి తగిలించి, లావుగీటు, సన్నగీటు తెప్పించు ఉపాయములు కనిపెట్టిరి. కుంచె పటమును తాకును, డబ్బా తాకదు. చేయి దగ్గఱకు వచ్చిన గీత సన్నబడును, దూరమైన పొగమంచగును. వేగము తగ్గిన రంగు కారిపోవును. ఫ్యూచురా సాధించిన సన్నగీత, వెండ్రుకవలె తెగక సాగునది, తోటివారిలోనే ప్రసిద్ధి కెక్కినది. పొగమంచును వెండ్రుకయు ఒకే డబ్బానుండి రప్పించుటయే ఆయన విద్య.

ఇది చదువునపుడు మన యింటి ఆడువారికి ముగ్గు జ్ఞప్తికి రాకమానదు. వ్రేళ్లనడుమనుండి పిండి జాఱుచుండగా ఆ చేయియు నేలను తాకదు. అచటను దూరమును వేగమును తెలిసిన చేయియే గీత తెంపక లాగగలదు. పదునైదు చుక్కల ముగ్గున పక్షి లేదు, మనిషి లేదు. దానికి అర్థమేమని యడిగినవాడును లేడు. వేసినయామె పేరు వ్రాసికొనదు. మధ్యాహ్నమునకు పాదముల క్రింద అది చెదరిపోవును. మన వాకిట ప్రతిదినము జరుగు ఈ పని గొప్పదనము మన కగపడక, దూరదేశపు రైలుపెట్టె చూచి యాశ్చర్యపడుట కొంత సిగ్గుచేటే. కాని ఒక భేదము మఱువరాదు. ఆమె వేయునది తన వాకిట.

ఆ భేదమును దాటిపోవుట న్యాయము గాదు. ఆ బండి ఎవరిది? 1975లో దివాలాయంచున నిలిచిన నగరమున, వేళకు రాని, దీపములు వెలుగని, తలుపులు మూసికొనని బండ్లలో దినదినము ప్రయాణముచేయు కూలివారిది, గుమాస్తాలది, ఇండ్లలో పనిచేయు స్త్రీలది. లోపల, వెలుపల, కిటికీ యద్దములమీద వ్రాతలు నిండియున్న బండిలో చీకటిపడిన తరువాత ఒంటరిగా కూర్చున్న స్త్రీకి అది కళగా తోచదు; ఈ చోటికి యజమాని యెవడును లేడను భయమే తోచును. తాను దిగవలసిన స్టేషను పేరు అద్దముగుండ చదువలేకపోయిన ముసలివాని చిరాకు సామాన్యమైనది గాదు. కడుగుటకు వాడిన ద్రావకముల ఘాటు, వ్యయము, పనివాండ్ర శ్రమ వేఱుగ నున్నవి. 'బ్రేక్' అందమైనదగుటచేత ఈ లెక్కనుండి తప్పించుకొనలేదు. అద్దములను కప్పుటలో మబ్బునకును పేరునకును భేదము లేదు. తప్పును తప్పనియే చెప్పి, అందమును అందమనియే చెప్పుట విమర్శకుని పని. ఒకదానితో నొకటి కొట్టివేసి శూన్యము చూపువాడు లెక్కలవాడు.

ఇక సంవత్సరముల మాట. 'బ్రేక్' 1980 నాటిది. గోడవ్రాతగాండ్రకు పేరుతెచ్చిన ఫన్ గ్యాలరీని ప్యాటీ యాస్టర్ మున్నగువారు తెఱచినది 1981లో. డియేగో కోర్టెజ్ పి. ఎస్. 1 అను చోట 'న్యూయార్కు - న్యూ వేవ్' ప్రదర్శనమును కూర్చినది ఆ సంవత్సరముననే. సిడ్నీ జానిస్ చిత్రశాలలో 'పోస్ట్ గ్రాఫిటీ' యను ప్రదర్శనము జరిగినది 1983 డిసెంబరున. మాండ్రియన్, పొలాక్ మున్నగు నైరూప్యచిత్రకారుల పటములు వెనుక ప్రదర్శింపబడిన శాల యది. కావున సంస్కారము చిత్రశాలలో కలిగినదను కథ నిలువదు. ఆయన మార్పు సందులో, చీకటిలో, కొనువాడెవడును లేనిచోట, కడిగివేయబడునని తెలిసియు జరిగినది. పెద్దలు నేర్పినది కాదు. దానిని చూచి పెద్దలు పిలిచినారు.

పిలిచినవారు వెంటనే కాండిన్‌స్కీ పేరెత్తిరి. తేలియాడు వలయములు, సన్నని రేఖలు చూచి ఆ పోలిక తెచ్చుట సులభమే, గౌరవార్థము చెప్పినదే. నాకు మాత్ర మది సరిపడలేదు. కాండిన్‌స్కీ గుఱ్ఱములను, కొండలను, గోపురములను చిత్రించి, క్రమముగా వానిని విడిచి నైరూప్యమునకు వచ్చెను. అనగా వస్తువును విడిచెను. ఫ్యూచురా విడిచినది వస్తువును గాదు, పేరును. ప్రపంచమును విడుచుట వేఱు, తన్ను తాను విడుచుట వేఱు. ఈ రెండింటికి చేరిన యూరు ఒకటే కావచ్చును, దారులు వేఱు. ఐరోపా పెద్దల బిరుదు తగిలించిననే గాని మర్యాద కలుగదనుకొనుట, మన విమర్శకులు ప్రతి తెలుగుకవికి ఒక యింగ్లీషుకవిని జతచేసిన పాత యలవాటు వంటిదే.

చిత్రశాలలకు వచ్చిన పిమ్మట జరిగినదేమి? 1981లో క్లాష్ అను ఆంగ్లేయ సంగీతబృందముతో ఐరోపాకు పోయి, వారు పాడుచుండగా వేదికమీద వెనుక తెరపై చిత్రములు వేసెను. పటములు అమ్ముడుపోయినవి. ఆ పటములలో మంచివి కొన్ని నాకు ఛాయాచిత్రములలో చూచు నవకాశము కలిగినది. రంగుల పొగమంచు అందును గలదు. వెండ్రుకవంటి గీత అందును గలదు. పరమాణువును చుట్టు కక్ష్యలవంటి వలయములు తఱచుగా కనబడును. కాని బండిమీద లేనిది ఒకటి చేరినది: అంచు. యాబది యడుగులు పరుగెత్తిన మబ్బునకు నాలుగడుగుల చట్టము బిగించినట్లయినది. కొన్నింటిలో ఆ బిగువే మేలుచేసినది; విశాలమైన శూన్యమున ఒక్క గీత తిన్నగా పోవుచు చట్టపు టంచున తెగినపుడు, అది వెలుపల ఎందాక పోయినదో యను తలంపు కలుగును. మఱికొన్నింట చిత్రకారుడు ఖాళీకి భయపడినట్లు పరమాణువుల మీద పరమాణువులు నింపెను. అవి చూచుటకు ముచ్చటగానే యుండును. తెఱలమీద అచ్చొత్తించుకొనుటకు బాగుండును. అంతకుమించి నన్ను నిలుపలేదు.

మఱియొకటియు చేరినది. చేవ్రాలు. పటము కొనువాడు మొదట చూచునది మూలనున్న పేరు. పేరు విడిచి సాధించినదానికి పేరును బట్టి వెల కట్టబడెను. దీనికి చిత్రకారుని నిందింతునా? నిందింపను. 'బజారున అమ్ముడుపోయెను' అని పాతమిత్రులు కొందఱు ఆక్షేపించుట గలదు. భార్యాబిడ్డలుగల గృహస్థుడు కూడు తెచ్చు పని చేసిన, పెండ్లికాని కుఱ్ఱవాని కొలతతో వానిని కొలుచుట యధర్మము. పైగా ఆ బజారు ఆయనను చిరకాలము పోషింపనులేదు. ఆ దశకము ముగియక మునుపే గోడవ్రాతలపై ధనికుల మోజు తీఱిపోయినది. ఫన్ గ్యాలరీ 1985లో మూతపడెను. ఐరోపా వేదికలమీద చప్పట్లు విన్న యాయన, సైకిలెక్కి న్యూయార్కు వీధులలో పొట్లములు చేరవేయు కొలువునకు కుదురుకొనెను. టాకీ 183 పనియు అదియే యని చదువరులకు జ్ఞాపకముండును. ఆ దినములలో ఫ్రాన్సునందలి ఆన్యెస్ బి. యను వస్త్రశిల్పిని ఆయన పటములు కొని యాదరించినది.

నగరము తన బండ్లను బాగుచేసికొనెను. కంచెలు కట్టి, కావలి పెంచి, వ్రాతపడిన పెట్టెను కడుగనిదే వాడుకకు పంపరాదను నియమముతో, 1989 మే 12న చివరి వ్రాతబండిని తొలగించితిమని ప్రకటించెను. ప్రయాణికులు సంతోషించిరి, నేనచట కాపురముండిన సంతోషించియే యుందును.

తరువాతి కాలమున ఫ్యూచురాకు మరల ఆదరణము కలిగినది. 1998లో అంకిల్ అను బృందముయొక్క గానసంపుటము పై యట్టమీద వెలువడిన ఆయన బొమ్మ, పొడవైన తలగల వింత యాకృతి, 'పాయింట్‌మ్యాన్' అను పేర లోకమంతట ప్రాకినది. ఆటవస్తువులయ్యెను, వస్త్రములపై కెక్కెను. రెండువేలవ సంవత్సరము గడచిన పిదప తన పేరు చివరి సంఖ్యను తీసివేసెను. భవిష్యత్తు భూతకాలమైనపుడు అంతకన్న చేయగల దేమున్నది? ఆ వింత యాకృతిని అభిమానించువారు కోపింతురేమో కాని, నాకది మరల వచ్చిన పేరుగనే తోచును. దూరమునుండి చూడగనే 'ఇది ఫలానివానిది' యనిపించుటయే దాని ప్రయోజనము. 2024లో బ్రాంక్సు మ్యూజియమున 'బ్రేకింగ్ ఔట్' అను పేర ఆయన జీవితకాలపు చిత్రముల ప్రదర్శనము జరిగెను. ఏబది సంవత్సరముల పనికి 'బ్రేక్' అను పాతమాటనే మరల నెత్తికొనుట నాకు యాదృచ్ఛికముగా తోచలేదు.

మొన్న సాయంకాలము మా వీధి బాలుని పిలిచి మార్తా కూపర్ తీసిన పటమును చూపితిని. వాడు పటమును ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు వ్రేలితో వెదకి, "పేరేదీ?" అనెను. లేదంటిని. "ఇంత పెద్దది వేసి పేరు రాసుకోలేదా!" అని వాడు నన్ను అనుమానముగా చూచెను. తరువాత దానిని కడిగివేసిరని చెప్పగా మఱింత తెల్లబోయెను. కొంతసేపు మాటాడక కూర్చుండి, పోవునపుడు గడపదగ్గఱ నిలిచి, "దీనికి ఎన్ని డబ్బాల రంగు పట్టుంటుంది, తాతగారూ?" అని యడిగెను.